పండగ రాలేదు సాబ్

రారా నితీషూ, రా. ఇలగొచ్చి కూకో. ఆ బల్ల మీదొద్దు, దానికో కాలు ఊగుతాది, మంచం మీద కూకో. ఏటది గిన్నెలో? రొయ్యల ఇగురా? మీ అమ్మ స్వర్ణకుమారి నాకు రొయ్యలు పంపిందంటే నాతో ఏదో పనున్నట్టే. నవ్వకు, నాకు తెల్సు. నిన్న సందేళ వచ్చి మా కాసులమ్మ కాడ కూకుని ఒకటే ఏడుపు. మిలట్రీ ట్రైనింగులో అడివి కేంపు కాడ నువ్వు ఎనకబడిపోయేవంట, నీ బేచీతో పంపకుండా కింద బేచీలోకి తోసీసేరంట, సెలవిచ్చి ఇంటికి పంపితే ఇంక తిరిగెల్లనంటన్నావంట. అచ్యుతాపురం మందుల కంపినీలో సేరిపోతానంటన్నావంట. సేరు, నానొద్దనను. కంపినీ బస్సు రోడ్డు మీదకొచ్చి ఎక్కించుకుంటాది, దించుతాది, తప్పేటున్నాది అందులో. మా త్రినాథు కొడుకూ అక్కడే సేత్తన్నాడు. గానీ ఒక్కటడుగుతాను, సెప్పు. మీ ఇంట్లో గోడ మీద మీ తాత ఎలియాజరు ఫోటో ఉన్నాది గదా, ట్రైనింగు అయిపోయేక బేచీ బేచీ అంతా కలిసి దిగింది, అందులో నన్నెప్పుడైనా ఎతికేవా? ఎతుకు, అగుపడను. నానూ మీ తాతా ఒకే రోజు, ఒకే రైలెక్కి మిలట్రీకెల్లేం. ఒకే గదిలో తొంగున్నాం. మరి ఆ ఫోటోలో నానెందుకు లేను? ఆఁ. సూసేవా, ఆలోచించలేదు ఎప్పుడూ.

ఎలియాజరంటే నీకు ఫోటోయే గదా. నువ్వు పుట్టకముందే పోయేడు, మీ నాన్న సురేష్ బాబుకి పెళ్లి కూడా అవ్వలేదప్పటికి. మనిషి పొట్టి. నువ్విలగ గెడలాగ ఎదిగేవు గానీ మీ తాత నా భుజానికొచ్చీవోడు. మేవేటీ సుట్టాలం కాదు, ఆళ్లది సర్చీ, మాది నూకాలమ్మ, అయినా గోళీలాడిన కాణ్ణించీ బావా అంటే బావా. ఆళ్ల నాన్న బెల్లం వండీవోడు. సెరుకాడీ రోజుల్లో పెనం కాడే కాపరం. మీ తాత నడక నేర్సిందే పొయ్యి గట్టు పట్టుకుని అనీవోరు. బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిన కొత్తది, విశాఖపట్నంలో మిలట్రీకి తీసుకుంటన్నారంటే ఇద్దరం ఎల్లేం. సాతీ కొలిసీవోడు ఈడి పొట్టితనం సూసి, "గాలి పీల్చు" అన్నాడు. పీల్సేడు. "ఇంకా పీల్చు" అన్నాడు. "ఇంకెక్కడిది బాబూ, ఉన్నదంతా పీల్సీసేను" అన్నాడు మీ తాత. ఆ కొలిసీవోడికి నవ్వాగలేదు, నవ్వుతానే రాసీసేడు కాయితం మీద. అలగ సేరేం. మీ పేటలో అంతకుముందు ఒంటి మీద యూనిఫాం ఏసుకున్నోడు లేడు. ఆళ్లమ్మ సిన్నమ్మలు సర్చీలో లేసి నిలబడి సాచ్చిం సెప్పుకుంది, నా కొడుకు సిపాయి అయ్యొత్తాడని. అప్పట్లో పేటంతా ఆ ఎదురుసూపే. అదీ, అది గుర్తెట్టుకో, అదే పెద్ద బరువు ఆడికి.

సిన్నమ్మలంటే గుర్తొచ్చింది, ఆళ్లింట్లో ఓ పద్ధతుండీది. ఇప్పుడు మీరు సేత్తన్నారో లేదో నాకు తెలీదు. ఈస్టరు ముందు శ్రమకాలం వత్తాది గదా, అదే మీ నలభై రోజుల ఉపవాసం, అప్పుడు ఆ ఇంట్లో ఎవులూ తీపి ముట్టరు. మరి సెరుకాడీదీ బెల్లం వండీదీ కూడా ఆ రోజుల్లోనేనాయె. ఇంటి నిండా తీపి వాసనే, గొంతులోకి మాత్రం సుక్క దిగదు. ఆళ్ల నాన్న పాకం నీళ్లలో ఏసి ఏళ్లతో ఉండ కట్టి సూసీవోడు గానీ నాలిక మీద ఏసుకునీవోడు కాదు. ఈస్టరు నాడు తెల్లారీసరికి సర్చీ నించొచ్చి మొదట నోట్లో ఏసుకునీది బెల్లం ముక్క. ఆ ఒక్క ముక్క కోసం పిల్లలు ముందు రోజంతా తిరిగీవోరు. మీ తాత ట్రైనింగులో ఉన్న ఏడు సిన్నమ్మలు ఏం సేసిందంటే, సిన్న బెల్లం దిమ్మ తీసి, నూనెకాయితం సుట్టి, గుడ్డలో ఎట్టి కుట్టీసి, పార్సిలు పంపింది. పండగ నాడు నోట్లో ఏసుకోమని కబురు. మేవక్కడ ఊటీ అవతల కొండల్లో ఉన్నాం. పార్సిలు సేతికొచ్చిన పూటే మా పేర్లు అడివి కేంపుకి పిలిసేరు.

ఆ కేంపు గట్టెక్కితే పరేడు, పరేడయితే సెలవు, సెలవంటే అనకాపల్లి. గట్టెక్కకపోతే ఎనక బేచీ. అదీ లెక్క. మా ఉస్తాదు, అదే ట్రైనింగిచ్చీవోడు, మలయాళపోడు, హవల్దారు, నవ్వగా ఎవులూ సూళ్లేదు. బయల్దేరీముందు అందర్నీ వరసలో నిలబెట్టి కింద దుప్పటి పరిపించేడు. "తిండి వస్తువేదున్నా దీని మీద పడెయ్యండి. ఉప్పు, అగ్గిపెట్టె, కత్తి, అంతే. అడివిలో దొరికిందే తినాల. ఎవడి దగ్గరైనా ఇంటి తిండి దొరికిందంటే ఆడు ఎనక్కే" అన్నాడు. ఇంక సూడు, బిస్కట్లు, మురుకులు, ఒకడైతే ఆవకాయ సీసా. మీ తాతా ఏసేడు, జేబులో ఉన్న ఏరుసెనగ్గుళ్లు గింజ మిగల్చకుండా ఏసేడు. బెల్లం మాత్రం ఎయ్యలేదు. దాసీలేదురా, ఒట్టు, ఆడికి తట్టలేదు. మన అనకాపల్లోడికి బెల్లం తిండి కిందకొత్తాదేటి? అమ్మోరికెట్టీది, బాలింతకిచ్చీది, సుట్టాలకి పంపీది. పైగా పండగొచ్చీదాకా ముట్టకూడనిదాయె. తినకూడనిది తిండెలగౌద్ది? అలగనుకున్నాడు పిచ్చి మారాజు. బేరక్సులో ఒగ్గీత్తే ఎలకలు తినీత్తాయని సొక్కా లోపల, కడుపుకి ఆనించి కట్టుకున్నాడు.

సలంటే మనూరి సలి కాదు నాయనా. పొద్దెక్కినా మంచు దిగదు, పక్కనున్నోడు అగుపడడు, దగ్గితే తెలుత్తాది ఎవుడో. మార్చి నెల్లో వాన పడదు, భయపడకండి అన్నాడు ఉస్తాదు. మబ్బుకి ఆ సంగతి ఎవులూ సెప్పలేదు గావాల, మేవెల్లిన కాణ్ణించీ ఒకటే ముసురు. అగ్గిపుల్ల ఎలగదు. బూట్లిప్పితే పాదాలు ఉడకేసిన పెండలం దుంపల్లాగ తెల్లగా ఉబ్బీసుండీవి. జెలగలు సరేసరి, పీకీకొద్దీ వత్తాయి, పీకిన సోటల్లా నెత్తురు ఆగదు. తినడానికి ఏవో దుంపలు, సుట్టలు సుట్టుకున్న ఆకు సిగుర్లు, పసరు కంపు. ఓరోజు ఉస్తాదు పాముని కొట్టి, తల కోసీసి, తోలు తీసి, కాల్సి ముక్కలెట్టేడు. నాగులసవితికి పుట్టలో పాలోసీ ఇంట పుట్టినోణ్ణి, నానెలగ తింటాను? దండమెట్టి పక్కకెల్లిపోయేను. మీ తాత తిన్నాడు. "ఎలగుందిరా బావా" అన్నాను. "ఏటుందీ, కొరమీనుకి పేద సుట్టంలాగుంది" అన్నాడు. అంత ఆకల్లోనూ నవ్వించీవోడు.

అసలు ఆడి సత్తా అక్కడే సూసేను నాను. ఊళ్లో ఉన్నప్పుడు పొట్టోడనీసి ఏడిపించీవోళ్లం. ఆ కొండల్లో మాకంటే కండున్నోళ్లు, పొడుగున్నోళ్లు కూలబడి అమ్మని తల్సుకుంటంటే ఈడు మాత్రం ఆకలని ఓమాట అనలేదు. ఎవుడైనా కుంటితే ఆడి తుపాకీ కూడా ఈడి భుజానికే. తడిసిన పుల్లలేరి సొక్కా లోపలెట్టుకుని ఒంటి ఏడికి ఆరబెట్టీవోడు. పెనం కింద పొయ్యేసీ ఇంట పుట్టినోడు గదా, నిప్పు ఆరిపోవడమంటే ఆడికి తలవంపులు. ముసురులో కూడా మా జట్టు కాడ మాత్రం పొగ లేసీది. ఆ పొగ కాడ సేతులు సాపి కూకుంటే నాకు మనూరి పెనం వాసనొచ్చీది, ఆడి పక్కన కూకున్నప్పుడే వచ్చీది. ఆకలికి నా బుర్ర తిరుగుతున్నాది అనుకున్నాను. పక్కనే బెల్లం ఉందని నాకేటి తెల్సు? ఒరే, ఆడికి తెల్సు గదా. సొక్కాలో సెయ్యెడితే తగుల్తాది. కడుపు మాడిపోతంటే కడుపు మీదే ఉన్నాది. గోరంత గిల్లలేదు.

మరింక నా సంగతి. ఆకర్న వాగొకటి దాటాల. పీకల్లోతు నీళ్లు. దాటేక కొండెక్కడం. పాము తినలేదు, దుంపలు పడలేదు, నా కడుపులో ఏటుంది? వాగు దాటిన కాణ్ణించీ వణుకు, పళ్లు టకటకా కొట్టుకుంటన్నాయి. కొంత దూరమెల్లేసరికి ఆ వణుకు ఆగిపోయింది. హాయిగా ఉంది. నిద్దరొత్తన్నాది. నాను జట్టు ఒగ్గీసి ఓ సెట్టు మొదట్లో కూకున్నాను. మజ్జానపేళ. ఎదురుగా మా అమ్మ గుమ్మంలో నిలబడినట్టే అగుపడింది. అలగ నిద్దరోయినోళ్లు లేవరంట, తరవాత డాట్రు సెప్పేడు. ఎనక్కి తిరిగి సూసినోడు మీ తాతొక్కడే. వచ్చి ఈ సెంపా ఆ సెంపా ఒకటే వాయించేడు. నాను లెగలేదు. అప్పుడు సొక్కా ఇప్పి, మూట తీసి, తుపాకీ మడమతో దిమ్మని కొట్టి, పెచ్చు తీసి నా నోట్లో ఎట్టేడు. "నమలకు బావా, సప్పరించు. పడుకోకు. మీ అమ్మకి నానేటి సెప్పాల, సప్పరించు" అని ఒకటే ఏడుపు. బెల్లం నాలిక మీద కరుగుతంటే, ఏటి సెప్పమంటావు, నా గొంతులో ప్రాణం దిగడం నాకు తెలిసింది. దిమ్మలో సగం నాకే ఎట్టీసేడు. ఆడు ఏళ్లకంటింది కూడా నాకలేదురా. ఆకుకి తుడుసుకున్నాడు. నన్ను వీపు మీదేసుకుని ఆ పొట్టోడు కొండెక్కేడు, నా కాళ్లు నేల మీద ఈడుసుకుంటానే ఉన్నాయి.

ఇంక అక్కడే అయిపోయుంటే కథే లేదు. సీమలు సెప్పీసేయి. అవును, సీమలే. నన్ను గుడారంలో పడుకోబెట్టి కంబళ్లు కప్పేరు గదా, నా గెడ్డం మీంచి బెల్లం నీరు కారి సొక్కా అంతా జిగురు. తెల్లారీసరికి అడివి సీమలు బారుకట్టి నా మెడ మీదకెక్కీసేయి. ఉస్తాదు వచ్చేడు. సూసేడు. నా సొక్కా మీద ఏలెట్టి, నాలిక మీద రాసుకున్నాడు. మొకం మాడ్సుకున్నాడు. అందర్నీ నిలబెట్టి, "కిస్‌కా హై?" అన్నాడు. ఎవుడిదని. ఆడి సూపు నా మీదే ఉన్నాది, సీమలు నా మీదున్నాయి గదా. నాదేనని సెప్పీద్దావనుకున్నాను. నోరు తెరిసీలోపల మీ తాత నా కాలు తొక్కీసేడు బూటుతో. ఒకడుగు ముందుకేసి, "మేరా హై సాబ్" అన్నాడు. సొక్కాలోంచి మిగిలిన సగం తీసి సేతిలో ఎట్టేడు. దాస్తే దాగును గదా, ఎవుడు సూసేడు? నా మీదకి తోసీసినా నాను కాదనను గదా. అబ్బే. ఉస్తాదు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి సూసేడు. "ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా?" అన్నాడు. "ఉంది సాబ్." "ఆకలెయ్యలేదా?" "ఏసింది సాబ్." "మరెందుకు తినలేదు?" మీ తాతకొచ్చిన హిందీ ముక్కలు నాలుగో అయిదో. ఆలోచించి ఆలోచించి, "పండగ రాలేదు సాబ్" అన్నాడు. వరసలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. ఉస్తాదు నవ్వలేదు. ముక్కని కాయితంలో సుట్టి జేబులో ఎట్టేడు. తరవాత సెప్పేడు. "నువ్వు పాసే. నీ మూట ఫెయిలు. మూట నువ్వు తెచ్చేవు కాబట్టి నువ్వూ నీ మూటా ఇద్దరూ ఎనక్కే. రూలు రూలే." మీ తాత సెల్యూటు కొట్టేడు. ఎదురు సెప్పలేదు, కాళ్లు పట్టుకోలేదు. ఏడిసింది నాను.

అదిరా సంగతి. మీ తాత కూడా ఎనకబేచీవోడే. సెప్పలేదు గదా మీకెవులూ? ఆడే సెప్పుకోడు. సిగ్గుపడి కాదు, సెప్తే నా పేరొత్తాదని. ఆడి వీపు మీద గట్టెక్కినా నన్ను పాసు సేసీసేరు, మిగతా మేవందరం పరేడు సేసీసేం, నాను సెలవు మీద రైలెక్కేను. నా పెట్టి మొయ్యడానికి వచ్చి ఆడే స్టేషన్లో ఎక్కించేడు. అనకాపల్లిలో దిగీసరికి సిన్నమ్మలు ప్లాట్‌ఫారం మీదుంది, పేటలో సగం మంది ఉన్నారు, పాస్టరయ్య పూలదండట్టుకుని నిలబడ్డాడు. నాను దిగేను. నా ఎనకాల సూత్తన్నారందరూ. రైలు కదిలెల్లిపోయింది. మీ తాతని ఎనకబేచీలోకి తోసీసినప్పుడు నాకంత కట్టం అనిపించలేదురా, ఆ తల్లికి సెప్పడమే కట్టమైంది. సెప్పేను, ఉన్నదున్నట్టు. అంతా ఇని, "ఇప్పుడు నువ్వు బావున్నావా నాన్నా?" అన్నది. ఉన్నానన్నాను. "మరి పండక్కి నా కొడుకు నోట్లోకి ఏదీ?" అనీసి ఆ సిమెంటు బల్ల మీద కూలబడి ఏడిసింది. ఎనకబడ్డాడని కాదు, పేటలో పరువని కాదు, ఆడు నోరు తీపి సేసుకోకుండా పండగెల్లిపోద్దని. ఆ పూలదండ పాస్టరయ్య నా మెళ్లో ఎయ్యబోతే నానొద్దన్నాను.

గానీ పండగ అలగ ఎల్లిపోలేదులే. ఇది మీ తాతే తరవాత సెలవుకొచ్చినప్పుడు సెప్పేడు. ఈస్టరు నాడు పొద్దున్నే బేరక్సులో బూట్లు తుడుసుకుంటంటే ఉస్తాదొచ్చి ముందు నిలబడ్డాడంట. సేతిలో కాయితం పొట్లం. "ఇయ్యేలే గదా నీ పండగ? సర్చీవోళ్లనడిగేను. సీమలు దులిపీసేను, తిను" అన్నాడంట. అదే సగం దిమ్మ. మీ తాత ఇరిసి ముందు ఉస్తాదుకెట్టేడంట. ఆ తరవాత ఎనకబేచీతో మళ్లీ అదే అడివికి. ఈసారి ముసురు కాదు, నిఖార్సైన వానాకాలం. మాకు ముసురులోనే ప్రాణాలమీదకొత్తే ఆ వానలో ఎలగుంటాదో నువ్వే ఊహించుకో, నీకు తెల్సు గదా ఇప్పుడు. జెలగలు కంటిరెప్పల మీదకెక్కీవంట. తెల్సినోడికి రెండోసారి సులువనుకుంటారు గానీ అబద్ధం, ఏటొత్తాదో తెల్సి మళ్లీ అడుగెయ్యడమే కట్టం. ఏసేడు. ఈసారి ఒక్కణ్ణి కాదు, కూలబడ్డోళ్లనందర్నీ లేపుకుంటా గట్టెక్కించేడంట. ఆ బేచీతో దిగిందే మీ గోడ మీద ఫోటో. అందుకే నాను లేనందులో. తరవాత్తరవాత ఆడే ఉస్తాదయ్యేడు. కొత్తగా సేరిన కుర్ర గుంటలొత్తే దుప్పటి పరిసి, "బెల్లం కూడా తిండేరా, ముందది తియ్యండి" అనీవోడంట. సెప్పి సెప్పి నవ్వీవోడు.

పింఛనొచ్చి ఊళ్లోకొచ్చేక ఎన్నాళ్లో ఉండలేదు. సెరుక్కి నీళ్లు కట్టడానికెల్లి గట్టు మీదే ఒరిగిపోయేడు. గుండె. అదీ శ్రమకాలమే, ఏం రాతో. పెట్టిలో పడుకోబెట్టి యూనిఫాం ఏసేరు. నాను బెల్లం ముక్కట్టుకెల్లేను, నోట్లో ఎడదావని. మీ నానమ్మ నా సెయ్యట్టుకుని, "పండగ రాలేదన్నయ్యా" అన్నది. నిజమే గదా అనీసి, ఆడి సొక్కా జేబులో ఎట్టి బొత్తాం ఎట్టీసేను. అట్టుకెల్లనీ. మీ లెక్కలో సచ్చినోళ్లందరూ లేసీ పండగొకటుంది గదా, ఆ నాడు తింటాడు.

...

సరేలే. ఏయ్ కాసులమ్మా! ఆ ఉట్టి మీద దిమ్మలోంచి ఓ ముక్క తే. నాక్కాదే తల్లీ, నా షుగరు సంగతి నాకు తెల్సు, ఈడికి. ఇదిగో, అట్టుకో. కాయితం బాగా సుట్టు. కంపినీకెల్లినా అట్టుకెల్లు, కేంపుకెల్లినా అట్టుకెల్లు, నాను బలవంతం సెయ్యను. కేంపుకైతే మాత్రం ముందే దుప్పటి మీద ఎయ్యి. ఎవుడిదని అడిగితే తలొంచుకోకు, నాదేనని సెప్పు. ఏటి, ఏటి నొక్కుతున్నావా ఫోన్లో? నాను సెప్తంటే... ఏటీ? టిక్కెట్టా? ... ఉండు, ఉండు, పైబెర్తు తియ్యి. కింద ఎడితే సీమలట్టీగలవు.